ఇంటి మాటనుండి శాస్త్రపు మాటకు: పొరుగు రాష్ట్రముల తెలుగు బాలలు, నూతన విజ్ఞానగ్రంథములు

బాలవాఙ్మయము రెండు శాఖలుగా విస్తరించినది. కథ, గేయము, నాటిక మొదలైనవి మొదటి శాఖ. చీమకు దారి ఎట్లు తెలియును? ఆకు పచ్చగా ఎందుకుండును? పూర్వకాలపు మనుష్యులు నిప్పును ఎట్లు పుట్టించిరి? ఇట్టి ప్రశ్నలకు కల్పన లేకుండ, ఉన్నది ఉన్నట్లుగా, పిల్లల మనస్సున కెక్కునట్లు సమాధానము చెప్పునది రెండవ శాఖ. ఈ శాఖకు చెందినవే బాలల విజ్ఞానగ్రంథములు. ప్రకృతిశాస్త్రమే కాక చరిత్ర, జీవితచరిత్ర, భూగోళము, చేతిపనులు కూడ వీనిలో చేరును.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ రెండు శాఖలకు సమానమైన స్థానము లేదు. హోసూరు, కృష్ణగిరి, బళ్లారి, కోలారు, బరంపురము, పర్లాకిమిడి, షోలాపురము మొదలగు చోట్ల ఇంట అవ్వ చెప్పు కథ తెలుగులోనే సాగును. బిడ్డ “ఎందుకు?” అని అడిగినంతనే సమాధానము పాఠశాల భాషలోనికి మారును. ఆ భాష తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో, ఇంగ్లీషో కావచ్చును. యానాములో చుట్టును తెలుగే యున్నను, ఇంగ్లీషు మాధ్యమమున చదువు బిడ్డ స్థితి ఇందుకు చాల భిన్నము కాదు. ఇట్లు ఒకటి రెండు తరములు గడచునప్పటికి తెలుగు జోలపాటకును, పండుగకును, వంటయింటికిని పరిమితమగును. ఆలోచనకు వేరొక భాష ఏర్పడును. ఆలోచనకు వాడని భాషను తరువాతి తరమువారు గౌరవింతురే కాని మాటలాడరు.

కావున బాలల విజ్ఞానగ్రంథముల ప్రశ్న పఠనాభిరుచికి మాత్రమే సంబంధించినది కాదు. భాష నిలుచుటకు సంబంధించినది. అయితే వంటయింటికి పరిమితమైనదని చింతించు ఆ తెలుగులోనే శాస్త్రమునకు కావలసిన మూలధనము దాగియున్నది. దానిని వెలికి తీయగల గ్రంథమే ఈ బాలలకు తగిన గ్రంథము.

పూర్వరంగము

తెలుగులో విజ్ఞానగ్రంథములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడెను. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు మొదలగువారు దానికి మూలస్తంభములు. హరిసర్వోత్తమరావు రచించిన ఆబ్రహాము లింకను చరిత్రముతో ఆరంభమైన ఆ గ్రంథమాలలో క్రమముగా రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, పదార్థవిజ్ఞానము మొదలగు విషయములకు చోటు దొరకెను. ఆధునికశాస్త్రమును తెలుగులో చెప్పవచ్చునను ధైర్యమును ఈ మండలి కలిగించినది.

ఈ చరిత్రలో పొరుగునేలల తెలుగువారు గుర్తింపదగిన విషయ మొకటి కలదు. లక్ష్మణరావు నాగపురమున విద్యాభ్యాసము చేసినవారు, మరాఠీభాషయందును పండితులు. మండలి 1908లో మదరాసునకు తరలిపోయెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో “బాల” పత్రికను ప్రారంభించినది మదరాసులోనే. 1947 జూలైలో “చందమామ” ఉదయించినదియు అచ్చటనే. పిల్లలకొఱకు “పిడుగు దేవర కథ”, “నిప్పు కథ” వంటి గ్రంథములు రచించిన మహీధర నళినీమోహన్ ఢిల్లీలోని జాతీయ భౌతిక పరిశోధనశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. శాస్త్రవిషయములను తేటతెలుగున వ్రాసి 2012లో కీర్తిశేషుడైన కొడవటిగంటి రోహిణీప్రసాద్ ముంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రములో పనిచేసిరి. తెలుగు బాలలకు విజ్ఞానమును వినోదమును పంచిన కృషిలో గణనీయమైన భాగము నేటి తెలుగు రాష్ట్రముల సరిహద్దులకు వెలుపల జరిగినదని దీనివలన తెలియుచున్నది. వెలుపలి తెలుగువారు గ్రంథములను స్వీకరించుటకే కాని సృష్టించుటకు తగరను భావమునకు చరిత్రలో ఆధారము లేదు.

1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమగువరకు మాస్కోనుండి “ప్రగతి”, “రాదుగ” ప్రచురణాలయముల తెలుగు గ్రంథములు తక్కువ వెలకు వచ్చుచుండెడివి. ఆ ప్రవాహము ఆగిపోయిన పిమ్మట ఏర్పడిన వెలితిని నూతన ప్రచురణసంస్థలు కొంతవరకు పూరించినవి.

నేటి గ్రంథములు

నేడు తెలుగు బాలలకు విజ్ఞానగ్రంథములు ముఖ్యముగా నాలుగు త్రోవల లభించుచున్నవి.

మొదటిది ప్రభుత్వసంస్థల త్రోవ. 1957లో స్థాపింపబడిన నేషనల్ బుక్ ట్రస్టు తన “నెహ్రూ బాల పుస్తకాలయము” గ్రంథమాలను తెలుగుతో సహా పెక్కు భారతీయభాషలలో వెలువరించినది. ఒకే పుస్తకము తమిళములోను, కన్నడములోను, తెలుగులోను దొరకుట పొరుగు రాష్ట్రములలోని బిడ్డలకు ప్రత్యేకముగా ఉపకరించును. బిడ్డ పాఠశాల భాషలో చదివినదానిని ఇంట తెలుగులో మరల చదువవచ్చును.

రెండవది ప్రజాసంస్థల త్రోవ. సికిందరాబాదులోని “మంచి పుస్తకం” సంస్థ బాలల పుస్తకములను తక్కువ వెలకు అందించుచున్నది. అందు అరవింద్ గుప్తా రచనల అనువాదములు కలవు. పూనాలోని ఖగోళశాస్త్ర సంస్థకు చెందిన బాలవిజ్ఞానకేంద్రములో చిరకాలము పనిచేసి, 2018లో పద్మశ్రీ పొందిన ఈయన, అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు గొట్టము, పాత కాగితము మొదలగు పారవేయు వస్తువులతో శాస్త్రసూత్రములను తెలుపు బొమ్మలను చేయుట నేర్పిరి. ఇట్టి గ్రంథమును చదివిన బిడ్డ చేతులు ఊరకుండవు. జన విజ్ఞాన వేదిక వెలువరించిన “చెకుముకి” పత్రికయు ఈ త్రోవలోనిదే.

మూడవది ద్విభాషాగ్రంథముల త్రోవ. 1996లో చెన్నైలో ప్రారంభమైన తూలిక సంస్థ ఇంగ్లీషును ఒక భారతీయభాషను ఒకే పుటలో చేర్చి బొమ్మల పుస్తకములను ప్రచురించినది. ఆ భాషలలో తెలుగు ఒకటి. తెలుగు మాటలాడవచ్చును గాని చదువరాని బిడ్డకు, ప్రక్కనున్న ఇంగ్లీషు వాక్యము చేయూత వంటిది.

నాలుగవది స్వేచ్ఛాప్రచురణ త్రోవ. 2004లో బెంగుళూరున ఏర్పడిన ప్రథమ్ బుక్స్ 2015లో “స్టోరీవీవర్” అను అంతర్జాల గ్రంథాలయమును తెరచినది. ఇందలి పుస్తకములు నాలుగు పఠనస్థాయిలుగా విభజింపబడినవి. కథలతో పాటు శాస్త్రము, గణితము, ప్రకృతి మొదలగు విషయములపై తెలుగు పుస్తకములు కలవు. ఈ పుస్తకములను ఎవరైనను చదువవచ్చును, అచ్చు వేసికొనవచ్చును, వేరొక భాషలోనికి మార్చుకొనవచ్చును. మూలరచయితను, చిత్రకారుని, ప్రచురణకర్తను పేర్కొనుట మాత్రమే నియమము. ఒక పల్లెలోని చిన్న పాఠశాల తనకు కావలసిన పది ప్రతులను తానే అచ్చు వేసికొనగల అవకాశము పూర్వమెన్నడును లేదు.

ఈ నూతనగ్రంథములకును పాతవానికిని భేదము స్పష్టము. పూర్వపు పుస్తకము ఒక శాస్త్రము నంతటిని నూరు పుటలలో చెప్పబూనెడిది. నేటి పుస్తకము ఒక ప్రశ్నను తీసికొని ఇరువది పుటలలో దానినే విచారించును. పూర్వము బొమ్మ అలంకారము. నేడు బొమ్మయే సగము చెప్పును. పూర్వము సమాధానము ముందు, పరీక్ష తరువాత. నేడు బిడ్డ మొదట చేసి చూచి, పిమ్మట కారణమును వెదకును.

లోపములు లేకపోలేదు. చాల గ్రంథములు అనువాదములే. ఇంగ్లీషు వాక్యమునకు తెలుగు మాటలు అతికించిన అనువాదమును బిడ్డ రెండవ పుటలోనే మూసివేయును. కొన్నిటిలో తెలుగుబిడ్డ ఎన్నడు చూడని మంచుగుట్టలును, తెలియని చెట్లును ఉదాహరణములుగా నిలుచును. మరికొన్ని పుస్తకములు పారిభాషికపదములను వరుసగా పేర్చి, అదే శాస్త్రమని భ్రమపెట్టును.

ఇంటి మాట, శాస్త్రపు మాట

తెలుగువారి వంటయింట పదార్థముల మార్పులను తెలుపు క్రియ లెన్నియో కలవు. నీరు కాగును, ఇంకను వేడియైన మరుగును. కూర ఇగురును. వెన్న కరగును; చలికి నెయ్యి పేరుకొనును. పిండి పులియును. పాలు తోడుకొనును. రొట్టెకు బూజు పట్టును. ఉప్పు నీట కలిసి కనబడకుండ పోవును; ఎండలో నీరు ఇగిరిపోగా మరల కనబడును. ఈ మాటలను హోసూరు బిడ్డయు, బరంపురము బిడ్డయు అక్షరములు రాకముందే నేర్చుకొనును. భౌతిక రసాయనశాస్త్రముల మొదటి పాఠములలో సగము ఈ క్రియలలోనే ఇమిడియున్నది.

“బాష్పీభవనము” అను పాఠమునే తీసికొందురు గాక. ఆ పదముతో ఆరంభించిన గ్రంథము బిడ్డను గుమ్మము వెలుపలనే నిలుపును. “కూర ఎట్లు ఇగిరినది? నీరెచ్చటికి పోయినది?” అని ఆరంభించినచో బిడ్డ అప్పుడే లోపలికి వచ్చును. అటుపిమ్మట మట్టికుండను చూపవచ్చును.

మట్టికుండకు కంటికి కనబడని సన్నని రంధ్రము లుండును. లోపలి నీరు వానిగుండ చెమ్మగా వెలుపలికి వచ్చి, గాలి తగిలి ఇగిరిపోవుచుండును. ఇగురుటకు వేడి కావలెను. పొయ్యిమీద ఆ వేడిని నిప్పు ఇచ్చును. ఇచ్చట నిప్పు లేదు గనుక చెమ్మ ఆ వేడిని చాలవరకు కుండనుండియు, అందలి నీటినుండియు తీసికొనును. ఒక గ్రాము నీరు ఇగిరిపోవుటకు సుమారు 580 కేలరీల ఉష్ణము వలయును. ఆ ఉష్ణమంతయు కుండలోని నీటినుండియే పోయినదనుకొన్నచో, 58 గ్రాముల నీరు పది డిగ్రీలు చల్లబడును. కొంచెము నీరు తాను పోయి, మిగిలిన నీటిని చల్లబరచు ననుట ఇందలి రహస్యము.

ఇంతటితో ఆగక గ్రంథము మరియొక ప్రశ్న వేయవలెను. బళ్లారి ఎండలో కుండనీరు మిక్కిలి చల్లగా నుండును. యానాములోను, చెన్నైలోను అదే కుండ అంతగా చల్లబరచదు. ఎందుకు? సముద్రతీరపు గాలిలో తేమ ముందే నిండియుండును. కావున చెమ్మ త్వరగా ఇగురదు. బళ్లారి, షోలాపురముల వేసవిగాలి పొడిది; అది చెమ్మను త్వరగా గ్రహించును. పాతబడి రంధ్రములు పూడిన కుండయు, రంగు పూసిన కుండయు చల్లబరచకపోవుటకు కారణము బిడ్డ తానే చెప్పగలడు. వేర్వేరు ఊళ్లలోని తెలుగుబిడ్డలు ఒకే విధమైన కుండలలో నీరుంచి, ఉష్ణమాపకముతో కొలిచి, ఆ అంకెలను జాబులలో పరస్పరము తెలుపుకొన్నచో అది నిజమైన పరిశోధనయే యగును.

ఇప్పుడు “బాష్పీభవనము” అను పదమును చెప్పవచ్చును. అప్పటికి అది క్రొత్త భారము కాదు. తెలిసిన పనికి పెద్దబడిలో పెట్టిన పేరు. పెరుగు తోడుకొనుట విషయములోను ఇదియే క్రమము. గోరువెచ్చని పాలలో తోడు వేసినచో అందలి సూక్ష్మజీవులు పెరిగి, పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లమువలన పాలు గట్టిపడును. చలికాలమున తల్లి గిన్నెకు గుడ్డ చుట్టి వెచ్చని చోట ఉంచుట మూఢాచారము కాదు. సూక్ష్మజీవులకు తగిన వెచ్చదన మిచ్చుట. మరుగుచున్న పాలలో తోడు వేసిన ఎందుకు తోడుకొనదో ఆ తల్లికి ముందే తెలియును. కారణమును మాత్రము గ్రంథము చెప్పవలెను. ఇంటి మాటను తక్కువచేసిన గ్రంథము ఆ మాటలాడు తల్లినికూడ బిడ్డ దృష్టిలో తక్కువచేయును.

పొరుగు భాష అడ్డు కాదు

బిడ్డకు రెండు మూడు భాషలు కలిసి గందరగోళ మగునని కొందరు తల్లిదండ్రులు తెలుగు పుస్తకమును ప్రక్కన పెట్టుదురు. ఒక ఉదాహరణము చూచిన ఈ భయము తగ్గును.

ఆకు సూర్యరశ్మి సాయముతో నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును చేర్చి తన ఆహారమును తయారు చేసికొనును. ఆ పనిలో ప్రాణవాయువును వెలువరించును. దీనికి తెలుగు పాఠ్యపుస్తకములలో “కిరణజన్య సంయోగక్రియ” అని పేరు. తమిళ పాఠములో ఇది “ఒళిచ్చేర్క్కై”. కన్నడములో “ద్యుతిసంశ్లేషణె”. మరాఠీలో “ప్రకాశసంశ్లేషణ”. ఒడియాలో “ఆలోకశ్లేషణ”. వినుటకు ఐదు వేర్వేరు పదములు. విడదీసి చూచినచో అన్నిటిలోను రెండే భావములు: వెలుగు, కూర్పు. కిరణము, ఒళి, ద్యుతి, ప్రకాశము, ఆలోకము ఇవన్నియు వెలుగే. సంయోగము, చేర్క్కై, సంశ్లేషణము, శ్లేషణము ఇవన్నియు కూర్చుటయే. ఒక్క భాషలో పదమును వల్లించిన బిడ్డ దానిని మరచిపోవచ్చును. రెండు భాషలలో విడదీసి చూచిన బిడ్డ విషయమునే పట్టుకొనును.

“ఆవిరి” అను మాటయు అట్టిదే. తమిళములోను, కన్నడములోను “ఆవి” కలదు. ఆ మూడును ఒకే కుదుటి మాటలు. మరాఠీ పాఠములో “బాష్పీభవన” అనియే యున్నది. షోలాపురపు తెలుగుబిడ్డకు అది తన శాస్త్రపదమే. కావున పొరుగు రాష్ట్రముల బాలలకై వెలువడు ప్రతి విజ్ఞానగ్రంథము చివర ఒక చిన్న పదపట్టిక ఉండవలెను. అందు ఇంటి తెలుగుమాట, తెలుగు శాస్త్రపదము, ఆ రాష్ట్రభాషలోని పదము మూడును తెలుగులిపిలో వరుసగా నుండవలెను. బిడ్డ పాఠశాలలో విన్నదానికిని ఇంట చదివినదానికిని ఆ పుట వంతెన యగును.

ఒక వస్తువు, పెక్కు పేర్లు

మరియొక చిక్కు తెలుగులోనే కలదు. తెలుగు రాష్ట్రములలో అచ్చయిన గ్రంథము కొన్ని ప్రాంతముల మాటలనే వాడును. ఒక ధాన్యమునే చూడుడు. రాయలసీమవారికిని, కర్ణాటక తమిళనాడులలోని తెలుగువారికిని అది “రాగులు”. ఉత్తరాంధ్రమునందును, దానిని ఆనుకొనియున్న ఒడిశా ప్రాంతమునందును “చోళ్లు”. తెలంగాణమునందును, అచ్చటినుండి మహారాష్ట్రమునకు తరలిన కుటుంబములలోను “తైదలు”. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా పాటించినది. అట్టి గ్రంథములలో ఒక్క పేరే అచ్చయినచో, తన ఇంటి ధాన్యము గూర్చియే అది చెప్పుచున్నదని మిగిలిన ప్రాంతముల బిడ్డకు తెలియదు. తన మాట తప్పని కూడ తలచును. మూడు పేర్లను ఒక వాక్యములో చేర్చుట కష్టము కాదు. అది భాషకు దోషము కాదు, సంపద.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తి ఈ విషయమున మార్గదర్శి. ఆయన తెలుగు పాఠ్యగ్రంథములలో జీవద్భాషకై పోరాడుటయే కాక, చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పుటకు పుస్తకములు సిద్ధము చేసిరి. బిడ్డ ఇంటి భాషనుండియే చదువు మొదలు కావలెనను సూత్రమును తన భాషకు మాత్రమే కాక పొరుగుభాషకును వర్తింపజేసిన మహనీయుడు ఆయన. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేరినది. నేడు అచ్చటి తెలుగుబిడ్డకే ఆ సూత్రము అవసరమైనది.

వ్రాయవలసిన గ్రంథములు

ఉన్న గ్రంథములు మేలైనవైనను, పొరుగునేలల బిడ్డ తన ఊరిని వానిలో చూడజాలడు. ఆ లోటును తీర్చగలవారు ఆయా ఊళ్ల తెలుగువారే. విషయములకు కొదువ లేదు.

కోలారు బంగారుగనులలో తెలుగువారును, తమిళులును తరతరములుగా పనిచేసిరి. 2001లో మూతపడిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతైనవి. 1965లో ఆ గనుల లోతున అమర్చిన యంత్రములతో శాస్త్రజ్ఞులు, వాతావరణములో పుట్టి భూమిని దూసికొనిపోవు న్యూట్రినోలను గుర్తించిరి. ఆకాశమునుండి వచ్చు కణములకై భూగర్భమున వెదకుట ఎందుకు? పైనున్న రాయి మిగిలిన కణములను చాలవరకు అడ్డగించును. న్యూట్రినో మాత్రము రాతిని దాటి రాగలదు. జల్లెడ పట్టుట తెలిసిన బిడ్డకు ఇది అర్థము కాని విషయము కాదు. తాత దిగిన గనిలో విశ్వరహస్య మొకటి బయటపడెనని మనుమడు తెలుగులో చదువవలదా?

బరంపురమునకు సమీపమున ఋషికుల్యానది సముద్రమున కలియుచోట, అనుకూలమైన సంవత్సరములలో వేలకొలది ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒక్కుమ్మడిగా ఒడ్డునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిల్ల ఆడదగునో మగదగునో ఇసుక వెచ్చదనమును బట్టి యుండును. ఇసుక వెచ్చనైన కొలది ఆడపిల్లలు ఎక్కువగును. షోలాపురములోను, భీవండీలోను పద్మశాలి కుటుంబములకు పడుగు, పేక, నాడె, కండె అను మాటలు పుట్టుకతో వచ్చినవి. నిలువుపోగుల నడుమ అడ్డపోగు ఎట్లు దూరును, రెండును కలిసి గుడ్డకు బలమెట్లు కలుగును అని చెప్పు గ్రంథమునకు క్రొత్త పరిభాష అక్కరలేదు. యానాము గౌతమీతీరమునకు సమీపమున మడ అడవులు కలవు. బురదలో గాలి అందని మడచెట్లలో కొన్ని వేళ్లను పైకి నిలిపి ఊపిరి తీసికొనును. ఇట్టి విషయములపై పదునారు పుటల పుస్తకము వ్రాయుటకు ఆ ఊరి ఉపాధ్యాయుడు, ఒక చిత్రకారుడు, విషయము తెలిసిన పెద్ద ఒకరు చాలుదురు. అచ్చునకు ముందు ఆ శాస్త్రము చదివినవారొకరు తప్పులు సరిచూచుట మాత్రము విడువరాదు.

గ్రంథపరీక్ష, సంఘముల కర్తవ్యము

పుస్తకమును కొనబోవు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును నాలుగు విషయములను పరిశీలింపవలెను. ఒకటి: మొదటి రెండు పుటలను గట్టిగా చదివినప్పుడు వాక్యము నోట తడబడకుండ సాగుచున్నదా? రెండు: శాస్త్రపదమునకు ముందు వస్తువును చూపినదా? మూడు: బిడ్డ ఇంట చేసి చూడదగిన పని ఒకటియైన కలదా? నాలుగు: “ఇట్లని చెప్పుదురు” అను మాటకును, “ఇట్లు పరీక్షించి కనుగొనిరి” అను మాటకును భేదము పాటించినదా? ఈ నాలుగవది ముఖ్యము. వినికిడి మాటను శాస్త్రముగా చెప్పు పుస్తకము ఎంత అందముగా నున్నను బిడ్డకు హానికరము.

రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. మరియొక వైపు తమిళనాడు 2006లోను, కర్ణాటకము 2015లోను తమ తమ భాషల అధ్యయనమును పాఠశాలలలో తప్పనిసరి చేయు శాసనములు చేసినవి. నివసించు రాష్ట్రము భాషను నేర్చుట బిడ్డకు మేలే. అందు వివాదము లేదు. అయినను తెలుగునకు పాఠశాలలో మిగులు గంటలు స్వల్పము. ఆ స్వల్పకాలము వ్యాకరణమునకును, పద్యమునకునే చాలదు. విజ్ఞానగ్రంథమునకు చోటు ఇంటిలోను, సంఘ గ్రంథాలయములోను కల్పింపవలెను.

ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఏబది మంచి పుస్తకముల పెట్టె ఒకటి నెలకొక వీధికి తిరుగవచ్చును. ఆదివారమునాడు ఒక గంట పెద్దలు చదువ, పిల్లలు విని చేసి చూడవచ్చును. లిపి రాని బిడ్డలుకూడ ఇందు పాల్గొందురు. కుండ, తోడు, మగ్గము వంటి విషయములలో చదువురాని అవ్వయే ఆనాటి గురువు కావచ్చును. స్వేచ్ఛాప్రచురణ గ్రంథములకు స్థానికపదములు చేర్చి అచ్చు వేయించుట, ఉత్సవములలో బహుమతులుగా లోహపు గిన్నెలకు మారుగా విజ్ఞానగ్రంథములను ఇచ్చుట సంఘములు వెంటనే చేయదగిన పనులు. సంవత్సరమునకు ఒక్కొక్క సంఘము తన ఊరి విషయముపై ఒక్క చిన్న పుస్తకమును వెలువరించినను, పది సంవత్సరములలో పొరుగునేలల తెలుగువారికి తమదైన బాలవిజ్ఞాన గ్రంథమాల ఏర్పడును.

బిడ్డ “ఎందుకు?” అని తెలుగులో అడుగుట ఇంకను మానలేదు. ఆ ప్రశ్నకు తెలుగులో సమాధానము దొరకినంతకాలము ఆ ఇంట తెలుగు ఆలోచించు భాషగా నుండును. అట్టి సమాధానములను సిద్ధము చేయు భారము ప్రభుత్వములమీదనో, దూరపు ప్రచురణకర్తలమీదనో మాత్రమే విడువదగినది కాదు.